గాజు గిన్నెలో ఊపిరి



2024 డిసెంబరులో వరసగా మూడు రోజులు ముండ్లమూరులో భూమి కంపిస్తే జనం వీధిలోకి పరిగెత్తారు. ఆ కంగారులో ‘ఇప్పుడు ఊపిరి పీల్చాలి’ అనుకుని పీల్చినవాళ్లున్నారా? నేను మత్తు డాక్టర్ని. ఎవరూ పట్టించుకోని ఆ పనిని కనిపెట్టుకుని ఉండడమే నా ఉద్యోగం.

చదువుకునే రోజుల్లో ఒక రాత్రి, ఆపరేషనైన పెద్దాయనకి నొప్పికి మార్ఫిన్ ఇచ్చాం. పొట్ట మీద చెయ్యేసి గడియారం చూస్తూ ఊపిరి లెక్కపెట్టాను. నిమిషానికి పన్నెండు. కాసేపటికి తొమ్మిది. తర్వాత ఆరు. మొహం మాత్రం ప్రశాంతంగా ఉంది, నా భయమంతా అదే. ‘తాతా, గాలి పీల్చు’ అంటే పీల్చేవాడు, నేను ఊరుకుంటే మరిచిపోయేవాడు. మార్ఫిన్‌కి విరుగుడైన నాలోక్సోన్ సూది పడ్డాక కళ్లు తెరిచి, నొప్పి తిరగబెట్టిందని నన్ను తిట్టాడు. అంత కమ్మని తిట్టు మళ్లీ వినలేదు.

నొప్పి తీసే మందు ఊపిరినెందుకు మరిపిస్తుంది? జాక్ ఫెల్డ్‌మన్ అనే శాస్త్రవేత్త 1978లో జర్మనీలో ఒక సమావేశానికెళ్లి, బల్ల మీదున్న వైన్ సీసా పేరే మెదడు కాండంలోని ఒక భాగానికి పెట్టేశాడు: బోట్‌జింగర్. (మనవాళ్లయితే ఏ గోలీ సోడా పేరో పెట్టేవాళ్లు.) దాని పక్కనున్న చిన్న కణాల గుంపే ఊపిరికి లయ పెడుతుందని 1991లో ఆయనా, సహచరులూ చూపించారు. ఎలకపిల్ల మెదడు కాండంలోంచి కోసిన సన్నటి ముక్క, ఊపిరితిత్తులే లేకుండా, గాజు గిన్నెలో ఆ లయ కొడుతూనే ఉంది. మార్ఫిన్‌ని పట్టుకునే గ్రాహకాలు ఆ గుంపులోని కణాల మీద ఉన్నాయని 1999లో తేలింది.

అమెరికాలో 2017 ఒక్క ఏడాదే ఓపియాయిడ్లు, అంటే మార్ఫిన్ కోవ మందులు, మోతాదు మించి 47 వేల మందికి పైగా పోయారు. మరుసటేడు అక్కడి ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థ ఈ ముప్పుని అరికట్టే పరిశోధనకి ‘హీల్’ పేరుతో పెద్ద ఎత్తున నిధులిచ్చింది. ఆ డబ్బు వచ్చేనాటికి మెదడులో ఎక్కడ వెతకాలో తెలిసే ఉంది. ఎలకపిల్ల ఊపిరితో మనకేం పనని వెనకటివాళ్లు అడిగుంటే?

మన దేశం పరిశోధనకి పెట్టేది స్థూల దేశీయోత్పత్తిలో నూటికి ముప్పావలా కూడా లేదు. హైదరాబాదులో ఇండియా అలయెన్స్ అనే సంస్థ 2008 నుంచి జీవవైద్య పరిశోధకులకి ఫెలోషిప్పులిస్తోంది. మీలో ఎవరైనా అంతదాకా వెళితే, మార్కాపురం పలకల దుమ్ము పీల్చి ఆయాసపడేవాళ్లని గుర్తుపెట్టుకోండి. అదే మార్ఫిన్ని చిన్న మోతాదులో ఆయాసానికీ వాడతారు. అది ఎవరికి పనిచేస్తుందో, ఎవరికి చెయ్యదో ఇంకా తేలలేదు. దరఖాస్తులో ‘దీనివల్ల ఉపయోగం’ అన్నచోట ఏం రాయాలో తోచకపోతే నాకు ఫోన్ చెయ్యండి. నాకూ తెలీదు. ఇద్దరం కూర్చుని రాద్దాం.