రెండు రూపాయల బిళ్ల మీద దీపం

(రేడియో ప్రసంగ పాఠం)

ధ్యాన భాగం: మత్తయి సువార్త 22:15–22



కైసరుకు పన్ను ఇవ్వవచ్చునా అని కొందరు ప్రభువును చిక్కున పెట్టబోయారు. ఆయన ఒక దేనారము తెప్పించి, దాని మీద ఎవరి బొమ్మ, ఎవరి పేరు ఉన్నాయో చెప్పమన్నాడు. ఈవేళ మనమూ ఒక నాణేన్ని తిప్పి చూద్దాం.

2003లో మన ప్రభుత్వం ఒక రెండు రూపాయల బిళ్లను విడుదల చేసింది. భారతీయ రైల్వేకు 150 ఏళ్లు నిండినందుకు అది జ్ఞాపిక. సేకరించి దాచుకునేవారి కోసం వంద రూపాయల నాణెం కూడా వేశారు. 1853 ఏప్రిల్ 16న బొంబాయిలోని బోరీబందరు నుండి ఠాణా వరకు, 34 కిలోమీటర్లు, మన దేశపు మొదటి ప్రయాణికుల బండి నడిచింది. సాహిబ్, సింధ్, సుల్తాన్ అనే మూడు ఆవిరి ఇంజన్లు 14 పెట్టెలను లాగాయి. వాటిలో 400 మంది అతిథులు కూర్చున్నారు.

అయితే ప్రియులారా, గమనించండి. ఆ బిళ్ల మీద కనిపించేది ఇంజను కాదు, చేతిలో దీపం పట్టుకొని నిలబడిన ఏనుగు గార్డు. పేరు భోలు. పొగ, కూత, ఆర్భాటం అన్నీ ఇంజనువే. గార్డు చివరి పెట్టెలో ఉంటాడు. ఎక్కేవారు ఆయన వైపు చూడనైనా చూడరు. కాని వెనుక అంతా క్షేమమని ఆయన పచ్చదీపం చూపిన తరువాతనే బండి కదిలేది. 2022లో ఆ ఉద్యోగానికి ట్రైన్ మేనేజర్ అని పేరు మార్చారు. పని మాత్రం అదే. మన నాతవరానికి రైలు లేదు. తునిలోనో, నర్సీపట్నం రోడ్డులోనో బండి ఎక్కేటప్పుడు ఒక్కసారి ఆ చివరి పెట్టె వైపు చూడండి.

ఇక అసలు సంగతి. మీ ఇంట్లో పాత బిళ్ల ఉంటే లక్షలు ఇస్తామని ఫోన్లలో ప్రకటనలు వస్తున్నాయి. ఆశపడి మాట్లాడితే, ముందు ఫీజు కట్టండి, తరువాత పన్ను కట్టండి అంటారు. పింఛను డబ్బు పోతుంది, పొదుపు సంఘంలో దాచినది పోతుంది, లక్షలు మాత్రం రావు. రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే హెచ్చరించింది: ఇటువంటి బేరాలతో తమకు సంబంధం లేదని, ఎవరి దగ్గరా ఛార్జీలు గాని కమీషన్ గాని తాము అడగబోమని. అపురూపమైన నాణేనికి ఎక్కువ ధర ఇచ్చేవారు ఉండవచ్చు. కాని కొనేవాడు అమ్మేవాని దగ్గర ముందుగా డబ్బు అడుగుతాడా? ధనాపేక్ష మనిషిని ఉరిలోనికి లాగుతుందని పౌలు భక్తుడు తిమోతికి ఊరకే వ్రాయలేదు.

మరి సంఘముగా మనమేమి చేయాలి? మోసపోయిన అవ్వను "నీకెందుకే ఆశ" అని గద్దించకండి. సిగ్గుతో ఆమె నోరు మూసుకుంటే మోసగానికే లాభం. వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేయించండి. బ్యాంకుకు తోడు వెళ్లండి. ఇంజను వలె ముందు పరుగెత్తే యౌవనులు చాలామంది ఉన్నారు. వెనుకబడిన వారి పక్షాన దీపం పట్టుకొని నిలిచేవారు కావాలి.

కైసరు బొమ్మ ఉన్న నాణెం కైసరుది. దేవుని పోలిక మనిషి మీద ఉంది, ఆ అవ్వ మీద ఉంది. బిళ్ల పోతే రెండు రూపాయలు. ఆమె ధైర్యం పోతే దానికి వెల కట్టగలమా?

ప్రార్థన చేసుకుందాం. పరలోకమందున్న మా తండ్రీ, మా కన్నులను దురాశ నుండి తప్పించుము. బలహీనుల వెనుక మెలకువగా నిలిచే మనసు మాకు దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.