నాగయ్యగారికి పెన్షన్ లేదు

(మన సంఘ సమావేశంలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)

మన సభలో సినిమావాళ్ల గురించి ఉపన్యాసమేమిటని కార్యదర్శిగారు ముందు సందేహించారు. చిత్తూరు నాగయ్యగారి గురించి అనగానే సరేనన్నారు. పది నిమిషాలే ఇచ్చారనుకోండి.

నాగయ్యగారు 1904లో రేపల్లెలో పుట్టారు. చిత్తూరు రామవిలాస సభ నాటకాల్లో పేరు తెచ్చుకోవడంతో ఆ ఊరి పేరే ఆయనకు ఇంటిపేరైంది. సినిమాల్లోకి రాకముందు కొన్నాళ్లు గుమాస్తాగిరీ చేశారు. ఆ లెక్కన మనవారే! 1938లో 'గృహలక్ష్మి', మరుసటి ఏడు 'వందేమాతరం', ఆ తర్వాత 'భక్త పోతన' వచ్చాయి. 1946లో 'త్యాగయ్య' తానే నిర్మించి, దర్శకత్వం వహించి, నటించి, పాడారు. ఆ సినిమాకు వెళ్లేటప్పుడు మా నాన్నగారు తలస్నానం చేసి ఉతికిన పంచె కట్టుకొని మరీ వెళ్లారట.

నాకు మాత్రం ఆయన వేషాల్లో 1950 నాటి 'బీదలపాట్లు' అంటే ప్రాణం. అది విక్టర్ హ్యూగో రాసిన ఫ్రెంచి నవల కథ. రొట్టె దొంగిలించి జైలుకెళ్లి వచ్చినవాడికి ఒక మతగురువు ఆశ్రయమిస్తాడు. వాడు ఆయన వెండి సామానే ఎత్తుకుపోయి పట్టుబడతాడు. 'నేనే ఇచ్చాను' అని ఆ గురువు పోలీసులతో చెప్పి విడిపిస్తాడు. తెరమీద నాగయ్యగారిది దొంగ వేషం. ఇంటి దగ్గర ఆయనది ఆ గురువు వేషం. మద్రాసులో ఆయన ఇంట పొయ్యి ఆరేది కాదని, చెయ్యి చాచినవారికి లేదనేవారు కాదని ఆనాటివారు చెబుతారు.

సొంత చిత్రాలు ఆయన్ను ఆర్థికంగా దెబ్బతీశాయి. 1964లో 'రామదాసు' తీశారు. అందులో కబీరు వేషం వేసిన గుమ్మడిగారికి మహమ్మద్ రఫీ పాడారు. నేనప్పుడు హైస్కూలు పిల్లవాణ్ణి. మా నాన్నగారు ఏడవడం మొదటిసారి ఆ హాల్లోనే చూశాను. 1965లో పద్మశ్రీ ఇచ్చారు. పద్మశ్రీతో బియ్యం రావు కదా! ఒకప్పటి కథానాయకుడు చిన్న చిన్న వేషాలు వేస్తూ గడిపి 1973 డిసెంబరు 30న కన్నుమూశారు. మనకు ఒకటో తారీఖు వస్తే ఇంత వస్తుంది. ఆయనకు రాలేదు.

ఇక్కడొక మాట చెప్పుకోవాలి. నేను రిటైరైనప్పుడు గ్రాట్యుటీ డబ్బులో కొంత సర్దమని మా తమ్ముడు అడిగాడు. "నాగయ్యగారు ఏమయ్యారో చూశావుగా" అని తప్పించుకున్నాను. వాడు మారు మాట్లాడలేదు. డబ్బు దాచుకోవడం తప్పని ఇప్పటికీ అనను. మనకూ మందులున్నాయి, ముసలితనముంది. కానీ లేదనడానికి ఆ మహానుభావుడి పేరు వాడుకున్నానే, అది మాత్రం లోపల గుచ్చుతూనే ఉంది.

ఆ మధ్య చెన్నై వెళ్లినప్పుడు పానగల్ పార్కులో ఆయన విగ్రహం చూశాను. తీసుకెళ్లింది మా తమ్ముడి కొడుకే. "ఎవరు పెదనాన్నా ఈయన?" అన్నాడు. త్యాగయ్య దాకా చెప్పాను, ఆ పైన చెప్పలేకపోయాను.

కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు. సెలవు.