రాజకీయము లేని గ్రామము



“గ్రామములలోనికి రాజకీయములు రాకూడదు” అను మాట వినుటకు ఇంపుగా నుండును. కక్షలవలన కొంపలు కాలిన ఊళ్లను ఎరిగినవారికి మరింత ఇంపుగా నుండును. 1959లో జయప్రకాశ్ నారాయణగారు భారత రాజ్యవ్యవస్థ పునర్నిర్మాణమును గూర్చి వ్రాయుచు పార్టీలులేని ప్రజాస్వామ్యమును ప్రతిపాదించిరి. అధికారము గ్రామమునుండి పైకి పోవలెనని వారి ఆశయము. అందు శంకింపవలసినది లేదు. అయితే 1978లో అశోక్ మెహతా సంఘము ఇందుకు భిన్నముగా, పంచాయతీ ఎన్నికలలో పార్టీలు బహిరంగముగనే పాల్గొనవలెనని సిఫారసు చేసినది. తెలుగు రాష్ట్రములు రెండింటను ఆ సిఫారసు గ్రామమువరకు దిగిరాలేదు. మండల, జిల్లా పరిషత్తులకు పార్టీ గుర్తులపై పోటీ జరుగును. సర్పంచి పదవికి మాత్రము పార్టీ గుర్తు లేదు.

గుర్తు లేనంతమాత్రమున పార్టీ లేకపోయినదా? ఫలితములు వెలువడిన రాత్రియే ఏ పార్టీకి ఎన్ని పంచాయతీలు వచ్చినవో లెక్కలు బయలుదేరును! బోర్డు దించినంతమాత్రమున అంగడి మూతపడదు. పార్టీ పేరుతో నిలిచినవానిని ఆ పార్టీ చేసిన వాగ్దానము చూపి నిలదీయవచ్చును. ఏ పేరును లేక నిలిచినవానిని ఏ మాట పట్టుకొని అడుగవలెను?

ఏకగ్రీవము సంగతి ఇంకను ఆలోచింపదగినది. 2021లో ఆంధ్రప్రదేశ్ పంచాయతీ ఎన్నికలప్పుడు, పోటీలేకుండ ముగించుకొనిన గ్రామములకు జనసంఖ్యనుబట్టి 5 లక్షలు మొదలు 20 లక్షల రూపాయలవరకు ప్రోత్సాహకము ప్రకటింపబడినది. నిజముగా అందరి మనస్సులు ఒకటైనచో ఆ గ్రామము ధన్యమే. కాని పెద్దలు నలుగురు రామాలయపు అరుగుపై కూర్చుండి పేరు నిశ్చయించిననాడు, ఆ అరుగెక్కలేని కూలివానికి, ఇంటిలోనుండిపోయిన స్త్రీకి, ఊరిచివరి వాడవారికి మిగిలిన ఒక్క సాధనమును, ఓటును, తీసివేసినట్లే. కొన్నిచోట్ల గుడి కట్టుటకను పేరిట సర్పంచి పదవిని వేలము వేసిన వార్తలును వచ్చినవి. వేలములో కలహము లేదు, నిజమే. డబ్బులేనివాడు పాటకే రాడుగదా!

ఎన్నికయే లేని కాలము వేరొకటి. రాజ్యాంగము 243-ఇ అధికరణము ప్రకారము పంచాయతీ గడువు 5 సంవత్సరములు; అది తీరకమునుపే ఎన్నిక జరుగవలెను. అయినను ఆంధ్రప్రదేశ్‌లో 2018 ఆగస్టునుండి 2021 ఎన్నికలవరకు గ్రామములు ప్రత్యేకాధికారుల పాలనలో నుండెను. వారిలో సమర్థులు లేకపోలేదు. వీథిదీపము వెలిగించుటకు సమర్థుడైన అధికారి చాలును. ఏ వీథిలో ముందుగా వెలుగవలెనన్నది మాత్రము సామర్థ్యముతో తేలునది కాదు. అది రాజకీయప్రశ్న, దానికి సమాధానము చెప్పువాడు రేపు ఓటడుగుటకు వచ్చువాడై యుండవలెను.

ఈ సభకు దగ్గర ఉదాహరణము గ్రంథాలయపు పన్ను. 1960 నాటి చట్టము ననుసరించి ఇంటిపన్నుతోబాటు రూపాయికి 8 పైసల చొప్పున వసూలగు ఈ సెస్సు జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరవలెను. అది చేరక బకాయిలు పేరుకొనుట గ్రంథాలయములు నడుపువారందరు ఎరిగినదే. గ్రామసభలో ఒక రైతు లేచి “పుస్తకముల డబ్బేమైనది?” అని అడిగెననుకొనుడు. ప్రత్యేకాధికారి నిధుల స్థితి వివరించి కూర్చుండును. ఆరు నెలలలో బదిలీయై పోవచ్చును. అదే జవాబు సర్పంచి చెప్పినచో, ఓడిపోయిన అభ్యర్థి ఆ ప్రశ్నను జేబులో వేసికొని ఇంటింటికి తిరుగును. సర్పంచి చెక్కు వ్రాసి పంపువరకు విడువడు.