చిన్న తరగతులలో చిత్రకళ – తల్లిదండ్రులకొక విన్నపము
(పాఠశాల వార్షికోత్సవ సభయందు తల్లిదండ్రుల నుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



 పిల్లల లెక్కలను గూర్చియు, పరీక్షాఫలితములను గూర్చియు మీరు తరచుగా మమ్ము ప్రశ్నించుచుందురు. అది మీ హక్కు. కాని చిత్రలేఖనమును గూర్చి, మట్టిపనిని గూర్చి ప్రశ్నించువారు మిక్కిలి యరుదు. ప్రశ్నించినను, “బొమ్మలు గీచినంత మాత్రమున బువ్వ దొరకునా?” అనియే అడుగుదురు. కష్టించి సంపాదించిన పైకముతో బిడ్డలను చదివించువారడుగదగిన ప్రశ్నయే యిది. దీనికి మేము నేడు సమాధానము చెప్పదలచితిమి.

ముందుగా మన స్థితిని తలచుకొందము. మన మాండవి కిన్వట్ తాలూకాలోనిది. 1956 వరకు కిన్వట్ ప్రాంతము హైదరాబాదు రాజ్యమున ఆదిలాబాదు జిల్లాలో నుండెను. ఆ సంవత్సరము నవంబరు 1వ తేదీన జరిగిన పునర్విభజనమున బొంబాయి రాష్ట్రమున చేరి, 1960 మే 1 నుండి మహారాష్ట్రమునకు చెందినది. ఎల్లలు మారినవి, ఇండ్లలోని మాట మారలేదు. ఆ 1956లోనే రాజ్యాంగమున 350-ఏ అధికరణము చేర్చబడినది. భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషయందు బోధించుటకు తగిన వసతులు కల్పింప ప్రతి రాష్ట్రమును యత్నింపవలెనని దాని భావము. ఈ రక్షణ గొప్పదే. అయినను చట్టము బడిని నిలుపగలదు గాని, బిడ్డ నోట భాషను నిలుపజాలదు. నేడు మన పిల్లలు బజారులో మరాఠీ మాటలాడుదురు. సెల్‌ఫోనులో హిందీ విందురు. ఉద్యోగమునకు ఇంగ్లీషు కావలెనని పెద్దలనగా విందురు. ఇవన్నియు అవసరమే. కాని తెలుగు పరీక్ష వ్రాయుటకు మాత్రమే పనికివచ్చు భాషగా మిగిలినచో, మన బడి యుండియు లేనట్లే యగును. ఈ భయము మీకును కలదని మేమెరుగుదుము.

చిత్రకళకును దీనికిని సంబంధమేమి యందురేమో! ఒక్క పాఠమును తీసికొందము. శ్రావణ బహుళామావాస్యనాడు మరాఠీ సోదరులు పోళా పండుగ చేయుదురు. మన యిండ్లలో ఆ దినమే పొలాల అమావాస్య. ఆ వారమున తరగతిలో బంకమట్టితో ఎడ్లను చేయింతుము. మట్టిలోని రాళ్లనేరి, నీరు చిలికి, చేతికంటకుండునంతవరకు పిసుకుటయే మొదటి పాఠము. నీరెక్కువైనచో కాళ్లు వంగిపోవును. తక్కువైనచో బీటలు వారును. కాళ్లు సన్నగా చేసిన ఎద్దు నిలువదు. లావుగా చేసినది నిలుచును. బరువు, నిలుకడ యనునవి పుస్తకమున చదువుటకు ముందే చేతికి తెలియును. ఇక మాటలు చూడుడు: మూపురము, గంగడోలు, గిట్టలు, ముకుతాడు, పలుపు, కాడి. ఇవి ఏ ప్రశ్నపత్రమునందును రావు. చేయుచున్నప్పుడు మాత్రము ఇవి లేక పని సాగదు. “గంగడోలు ఇంకను పెట్టలేదేమిరా?” అని ప్రక్కవానిని హెచ్చరించు బాలుడు ఆ మాటను జన్మములో మరువడు. మూపురమును మరాఠీలో వశిండ అందురని ఒకడు చెప్పును; గోండు, కొలాము, బంజారా ఇండ్ల నుండి వచ్చిన పిల్లలు తమ మాటను చెప్పుదురు. పాఠము చదువుమన్నచో నోరు మెదపని పిల్లయు ఇచ్చట మాటలాడును. ఏలననగా తప్పగునను భయము లేదు, చేతిలో పని కలదు.

రెండవది, వ్రాత. మన తెలుగు అక్షరములు గుండ్రనివి, చేయి తిరుగవలెను. మరాఠీ వ్రాయు దేవనాగరికి నిలువు గీత, తలపై అడ్డగీత ముఖ్యము. మహారాష్ట్రమున 2020లో చేసిన చట్టము ప్రకారము అన్ని బడులలోను మరాఠీ నేర్పవలసియున్నది. గావున మన బిడ్డ చేయి రెండు విధముల నడకలను నేర్వవలెను. వ్రేళ్లు బలపడకముందే పలక నిండ అక్షరములు దిద్దించుటకంటె, సున్నలు, తీగలు, అలలు, గళ్లు గీయించుట మేలు. అందుచేతనే ఒకటవ తరగతిలో బొమ్మల గంటను వ్రాతగంటకు ముందుంచితిమి.

మూడవది, గణితము. ముగ్గు మన తల్లుల విద్య. సందుచుక్కల ముగ్గునకు నడుమ 7 చుక్కలు పెట్టి, ఇరుప్రక్కల 6, 5, 4 యని తగ్గించుచు 1 వరకు పోవుదుము. మొత్తమెన్ని చుక్కలని అడిగినచో పిల్లలు ఒక్కొక్కటే లెక్కించి 49 అందురు. 5 చుక్కలదానికి 25, 3 చుక్కలదానికి 9. నడుమ వరుసను దానితోనే హెచ్చించినచో మొత్తము వచ్చునని వారే కనిపెట్టినప్పుడు వారి ముఖములు చూడదగినవి! అమ్మలారా, వాకిట మీరు దినదినము వేయునది గణితమే.

వెల కొనవలసిన సామగ్రి కొరకు చింతింపవలదు. ఫాల్గుణమున మన యడవులలో మోదుగ పూచును. ఆ పూలను నీట మరిగించిన నారింజవన్నె వచ్చును. టేకు లేతయాకును అరచేత నలిపిన ఎఱ్ఱనగును. పసుపునీట సున్నము కలిపిన పారాణివలె ఎఱ్ఱబారును. ఆ నీటనే నిమ్మరసము పిండిన మరల పసుపువన్నెకు వచ్చును. ఇది విజ్ఞానశాస్త్ర ప్రయోగము గాక మరేమి? బొగ్గు నలుపు, సుద్ద తెలుపు, జాజు ఎరుపు – ఇవి మన పెంకుటిండ్లకెరుకయైన రంగులే. బతుకమ్మనాళ్లలో తంగేడు, గునుగు, బంతి పూలను వరుసలుగా పేర్చుటయు తరగతి పాఠమే.

ఇక పిల్లవాని బొమ్మను ఎట్లు చూడవలెనో చెప్పుదుము. విక్టర్ లోవెన్‌ఫెల్డ్ అను పండితుడు 1947లో ప్రకటించిన గ్రంథమున బాలుర చిత్రముల ఎదుగుదలను మెట్లుగా వివరించెను. రెండు మొదలు నాలుగేండ్ల వరకు పిచ్చిగీతలు. నాలుగు మొదలు ఏడేండ్ల వరకు గుండ్రని తల, దాని నుండియే వ్రేలాడు కాళ్లు. ఏడేండ్లు దాటినపిదప అడుగున ఒక నేలగీత; ఇంటిగోడలు అద్దములైనట్లు లోపలి అమ్మయు, పొయ్యియు కనబడుట. తొమ్మిదేండ్లు వచ్చుసరికి ఉన్నది ఉన్నట్లు గీయవలెనను కోరిక. వయస్సు ఒక యేడు అటునిటు కావచ్చును గాని వరుస సామాన్యముగా నిదియే. కాళ్లు తలకంటించిన పిల్లవాడు తెలివితక్కువవాడు కాడు. తన మెట్టుపై తాను నిలిచియున్నాడు. తొమ్మిదేండ్ల ప్రాయమే గండము. అప్పుడే “నాకు రాదు” అను మాట మొదలగును. అప్పుడొక్క పెద్దవాడు నవ్వెనా, ఆ బిడ్డ బొమ్మనే కాదు, ప్రశ్నించుటను గూడ మానుకొనవచ్చును.

ఈ మార్గము మేము కల్పించినది కాదు. వియన్నా నగరమున ఫ్రాంజ్ చిజెక్ 1897లోనే బాలుర కొరకు చిత్రకళా తరగతిని తెరచి, పెద్దల బొమ్మలను నకలు చేయుమనక, తమకు తోచినది గీయనిచ్చెను. మన దేశమున రవీంద్రుడు శాంతినికేతనమున 1919లో కళాభవనమును స్థాపించెను. నందలాల్ బోసు దానిని పెంచెను. 1937 అక్టోబరులో మహాత్ముడు మన రాష్ట్రములోని వార్ధాలోనే చేతిపని మూలముగా చదువు నేర్పవలెనను నయీ తాలీమును ప్రతిపాదించెను. శాంతినికేతనమున చదివిన దేవీప్రసాద్ గారు 1944 మొదలు సేవాగ్రామమున పిల్లలచే బొమ్మలు వేయించి, కుండలు చేయించి, కళయే విద్యకు పునాది యని చాటిరి. 2020 జాతీయ విద్యావిధానము సైతము వీలైనచోట కనీసము అయిదవ తరగతివరకు మాతృభాషలో బోధింపవలెననియు, కళలను పాఠములతో జోడింపవలెననియు చెప్పినది.

మొదటి ప్రశ్నకు మరల వత్తము: బువ్వ దొరకునా? పొరుగున నిర్మలలో నకాషీ పనివారు తేలికయైన పొణికి కొయ్యను చెక్కి, చింతగింజల జిగురుతో రంపపుపొట్టు కలిపి అతుకులు పూడ్చి, రంగువేసి, తరతరములుగా జీవించుచున్నారు. అయినను ప్రతి బిడ్డయు చిత్రకారుడు కావలెనని మా యుద్దేశము కాదు. వడ్రంగికి, దర్జీకి, వైద్యునకు, రైతునకు – అందరకును నిదానించి చూచు కన్ను, చెప్పినట్లు విను చేయి కావలెను. అవి చిన్ననాటనే అలవడవలెను.

కావున మీకు నాలుగు విన్నపములు. బిడ్డ బొమ్మను మీరు దిద్దకుడు, గీచి యీయకుడు. మీరు గీచిన బొమ్మకు మార్కులు వచ్చును గాని బిడ్డకు విద్య రాదు. “ఇదేమి?” అని గద్దింపక, “దీని కథ చెప్పుము” అని తెలుగున అడుగుడు. మట్టి చేతులతోడను, మరకల చొక్కాతోడను వచ్చినందుకు కొట్టకుడు. ఇంట ఒక గోడ మూలను, జానెడు జాగానైనను, వారి బొమ్మలకు విడువుడు. పొలాల అమావాస్యకు ఎడ్లను చేయునప్పుడు, బతుకమ్మ పేర్చునప్పుడు, తాతలు, అవ్వలు బడికి వచ్చి పిల్లల నడుమ కూర్చుండిన మాకు మిక్కిలి మేలు చేసినవారగుదురు. వారికి తెలిసిన మాటలు మా పుస్తకములలో లేవు.

సభ ముగిసిన పిదప ప్రక్క గదిలో పిల్లల బొమ్మలను దర్శింప గోరుచున్నాము. గుసాడీల నెమలియీకల టోపీ, ఉన్కేశ్వరపు వేడినీటి గుండము, పత్తిచేను, ఎఱ్ఱబస్సు అందు గలవు. ఏ బొమ్మకును మొదటి బహుమతి లేదు. గీచిన ప్రతి బిడ్డయు తన బొమ్మ చెంతనే నిలిచియుండును. అడుగుడు, వారు చెప్పుదురు.