సర్దుకుపొమ్మనని కౌన్సెలింగ్

(చల్లపల్లి మండల మహిళా సమాఖ్య మహాజన సభలో చేసిన ప్రసంగం)

పొదుపు, బ్యాంకు లింకేజి, స్త్రీనిధి లెక్కలు ఇందాకే చదివి వినిపించారు కాబట్టి మేము వాటి జోలికి పోము. లెక్కల పుస్తకంలో ఎక్కని పని ఒకటి ఈ ఏడు జరిగింది. దాని గురించి చెప్తాం.

విజయవాడ నుంచి ఒక కౌన్సెలింగ్ మేడం గారు నెలకొకసారి మన సమాఖ్య ఆఫీసుకి వస్తున్నారు. పేరు వేయొద్దన్నారు. కౌన్సెలింగ్ అంటే మనకి తెలిసింది ఒకటే. మొగుడూ పెళ్ళాం గొడవపడితే ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, చివరికి ఆడమనిషితో "సర్దుకుపో అమ్మా" అని పంపించెయ్యడం. ఈవిడ నోట ఆ మాట వచ్చిందని ఎవరూ చెప్పలేదు. లోపల తలుపు వేసి ఉంటుంది, ఏం మాట్లాడతారో మాకు తెలియదు. వెళ్ళినవాళ్ళు సభలో చెప్పమన్నవి మాత్రమే చెప్తున్నాం.

కౌలు రైతు భర్తని పోగొట్టుకున్న ఒక చెల్లెలు నిద్ర పట్టట్లేదని వెళ్ళింది. మేడం గారు ముందు ధైర్యం చెప్పలేదట. అప్పు ఎంత, ఎవరెవరికి, ఇంటి మీదకి ఎవరొస్తున్నారు అని అడిగి కాగితం మీద రాయించారట. పొద్దున్నే అప్పులవాళ్ళు తలుపు కొడుతుంటే ఎవరికి మాత్రం నిద్ర పడుతుంది? ఆ కాగితం పట్టుకునే వీఓ వాళ్ళు వెళ్ళి మాట్లాడారు. దళితవాడ నుంచి వచ్చిన ఒక అక్క, పనిచేసే చోట తనకి విడిగా గ్లాసు పెడుతున్నారని చెప్పుకుంది. ఇదివరకు ఒకచోట చెప్తే "నువ్వే ఎక్కువ ఆలోచిస్తున్నావు" అన్నారట. ఈవిడ "జరుగుతున్నది అన్యాయమే, నీ ఆలోచనలో తప్పు లేదు" అన్నారట. ఆ మాటకే అక్క చాలాసేపు ఏడ్చింది.

ఇక అసలు సంగతి. మన సభ్యురాలు ఒకామె పంతొమ్మిదేళ్ళ బిడ్డని తీసుకొచ్చింది. అందరూ మగపిల్లాడంటారు, బిడ్డేమో "నేను ఆడపిల్లనమ్మా" అంటుంది. తాయెత్తులయ్యాయి, మందులయ్యాయి, ముప్పై వేలు అప్పయ్యింది. "ఎలాగైనా మార్చండి మేడం" అని తల్లి కాళ్ళు పట్టుకోబోయింది. మేడం గారు ముందు బిడ్డ వైపు తిరిగి "నిన్ను ఏమని పిలవమంటావు తల్లీ?" అని అడిగారు. అప్పటిదాకా ఎవరూ అడగని ప్రశ్న అది.

తర్వాత తల్లికి చెప్పారు. ఇది జబ్బు కాదు. నువ్వు ఆడో మగో నువ్వే చెప్పుకునే హక్కు నీదని సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న తీర్పిచ్చింది. ఇలాంటివాళ్ళని మారుస్తామంటూ డాక్టర్లు వైద్యం చెయ్యడం తప్పని 2022లో జాతీయ వైద్య కమిషన్ కూడా చెప్పింది. బిడ్డకి చూడాల్సింది వీధిలో వెక్కిరింతలకి పుట్టిన భయం, తిండి సయించకపోవడం, చచ్చిపోదామన్న ఆలోచన. తల్లికి కూడా విడిగా నాలుగుసార్లు టైమిచ్చారు, ఆమె దుఃఖాన్ని తీసిపారెయ్యలేదు. మోపిదేవి మొక్కు మానమని కూడా అనలేదు. మొక్కు మొక్కే, మాట్లాడే మనిషి కూడా కావాలి కదా.

ఇప్పుడా అమ్మాయి ఇంట్లోనే ఉంటోంది, ఎక్కడికీ వెళ్ళిపోలేదు. కలెక్టరు గారిచ్చే గుర్తింపు పత్రానికి దరఖాస్తు పెట్టింది. అర్హతుంటే ట్రాన్స్‌జెండర్లకి నెలకి 4000 పింఛను కూడా ఉంది.

"ఇలాంటివాళ్ళు ఆఫీసుకొస్తే మన పరువేంగాను" అని కొందరు గొణుగుతున్నారని మాకు తెలుసు. పొదుపు మొదలుపెట్టిన కొత్తలో మనల్నీ "సంతకం రానివాళ్ళకి బ్యాంకేంటి" అన్నారు. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం కులం, మతం, లింగం చూసి వైద్యంలో తేడా చెయ్యకూడదు. ప్రభుత్వ ఆఫీసుకి వర్తించింది మన గదికి వర్తించదా?

మేడం గారు రాని రోజుల్లో టెలి మానస్ నంబరు 14416 ఉంది. పగలూ రాత్రీ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ప్రతి వీఓ గోడ మీదా రాయించండి.

మేము అడిగేవి రెండు. మేడం గారి బస్సు ఛార్జీలు సమాఖ్య నిధి నుంచి ఇవ్వాలి, ఇప్పటిదాకా ఆవిడే పెట్టుకుంటున్నారు. ఆ అమ్మాయి, ఆమె స్నేహితులు గ్రూపు పెట్టుకుంటామంటున్నారు, వాళ్ళని మన వీఓలో చేర్చుకోవాలి. తీర్మానం కాగితం మీ ముందుంది. చదివి చేతులెత్తండి.