నల్లి బొక్క కూర – ఓపిక ఉన్నవాళ్ల వంట

(నవాబుపేటలో జరిగిన మన సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున్నుంచి డీఏ బకాయిల గురించి, మెడికల్ బిల్లుల గురించి, నవంబరు వస్తే మనం బతికే ఉన్నామని మనమే రుజువు చేసుకునే సర్టిఫికెట్ గురించి విన్నాం. అవన్నీ అవసరమే. భోజనాలకు ఇంకా కొంత వ్యవధి ఉంది, ఏదైనా తేలిక విషయం మాట్లాడండి అని కార్యదర్శిగారు నన్ను పిలిచారు. నేను ఎంచుకున్నది నల్లి బొక్క కూర. ఇది తేలిక విషయమో కాదో విన్నాక మీరే చెప్పాలి. శాకాహార మిత్రులు మన్నించాలి. వారికి తాండూరు కందిపప్పు ఉంది, 2022లో దానికి జీఐ గుర్తింపు కూడా వచ్చింది. కాసేపు బయటికి వెళ్లి టీ తాగి వచ్చినా ఇక్కడెవరూ హాజరు తీసుకోరు.

మా మనుమరాలు ఇటలీలో మిలాన్ పట్నంలో చదువుకుంటున్నది. ఒకనాడు ఫోన్ చేసి, "తాతా, ఇక్కడివాళ్లు కూడా మన నల్లి కూర వండుతరు, పేరు ఒస్సో బుకో" అన్నది. అర్థమేమిటని అడిగాను. ఒస్సో అంటే ఎముక, బుకో అంటే రంధ్రమట. నాకు నవ్వాగలేదు. మన తెలంగాణలో బొక్క అంటే ఎముక. గుంటూరు, గోదావరి వైపు బొక్క అంటే రంధ్రం. అంటే వాళ్ల ఒస్సో బుకోని మన రెండు ప్రాంతాలూ కలిసి తెనిగిస్తే "బొక్క బొక్క" అవుతుంది! భాషాశాస్త్రం నాకు తెలియదు గాని, ఉద్యోగంలో ఉండగా కోస్తా జిల్లాల నుంచి వచ్చిన మిత్రులతో ఈ ఒక్క మాట మీద ఎంత నవ్వుకున్నామో ఇక్కడున్న చాలామందికి జ్ఞాపకమే.

మిలాన్‌వాళ్లు దాన్ని లేగదూడ పిక్కతో వండుతారు. మనకు ఆ ప్రసక్తి లేదు. ఆచారం సంగతి అటుంచి, ఆవును, లేగదూడను కోయరాదని 1977 నాటి చట్టమే ఉంది. మనకు మేక ఉంది, పొట్టేలు ఉంది. వంట పద్ధతి మాత్రం ఒక్కటే. పిక్కను అడ్డంగా రెండంగుళాల మందాన కోస్తారు. మధ్యలో గుండ్రటి బొక్క, దానిలో మూలుగ, చుట్టూ మాంసం. ఆ ముక్కలకు కొంచెం పిండి అద్ది, వెన్నలో ఎర్రగా కాల్చి, ఉల్లిగడ్డలు, తెల్ల ద్రాక్షసారా, మాంసం ఉడికించిన నీళ్లు పోసి, మూతపెట్టి సన్న సెగ మీద రెండు గంటలకు తక్కువ కాకుండా ఉంచుతారు. టమాట వేయాలని కొందరు, వేస్తే అది ఒస్సో బుకోనే కాదని కొందరు. దించే ముందు నిమ్మతొక్క, వెల్లుల్లి, వాళ్ల కొత్తిమీరలాంటి ఒక ఆకు సన్నగా తరిగి పైన చల్లుతారు. పక్కన కుంకుమపువ్వు వేసి వండిన అన్నం. ఇటలీ అంటే గోధుమలే అనుకుంటాం గాని మిలాన్ చుట్టుపక్కల వరి పొలాలు బాగానే ఉన్నాయి.

ఇది వింటే మీకు హైదరాబాదు నహారీ గుర్తుకు రావడం లేదా? అరబ్బీలో నహార్ అంటే పగలు. రాత్రంతా సన్న సెగ మీద ఉడికి తెల్లవారుజామున తినేది కనుక నహారీ అయింది. వికారాబాదులో తొలి రైలెక్కి పట్నంలో ఆఫీసు పనికి పోయినప్పుడు, చలికాలం పొద్దున పాతబస్తీలో నహారీ, పురానీ హవేలీ దగ్గర చార్‌కోని నాన్ తిన్నవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. చేతులు ఎత్తనక్కరలేదు, మొహాలు చూస్తేనే తెలుస్తున్నది. అక్కడా పైన చల్లేది కొత్తిమీర, సన్నగా చీరిన అల్లం, పిండేది నిమ్మకాయ. ఎక్కడి మిలాన్, ఎక్కడి చార్మినార్! ఎముక కొవ్వు నోటికి జిడ్డుగా తగులుతుంది కాబట్టి పులుపు, పచ్చి వాసన తగలాలని ఇద్దరికీ తోచింది.

ఇక నేనీ వంటలోకి ఎట్లా వచ్చానో చెప్పాలి. 2019 వానకాలంలో మా ఇంటావిడ వాకిట్లో జారిపడింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయి ఇంటికొచ్చాక పరామర్శకు వచ్చిన ప్రతివారూ ఒకటే మాట – కాళ్ల సూప్ పట్టండి, బొక్క బొక్కకు అతుక్కుంటుంది. సరే, పట్టేదెవరు? 33 ఏళ్లు రెవెన్యూలో పనిచేసి 2009లో రిటైరైన నాకు అప్పటిదాకా టీ పెట్టడం, గుడ్డు ఉడకేయడం వచ్చు, అంతే. కొడుకు, కోడలు ఉద్యోగాల మీద పట్నంలో. అందుకని మంచం వంటింటి గుమ్మానికి ఎదురుగా వేయించాం. ఆమె పడుకొని చెప్పడం, నేను నిలబడి చేయడం. అట్లా మూడు నెలలు జరిగింది.

మొదటి రోజే నేను ప్రతి ఐదు నిమిషాలకు మూత తీసి గంటె తిప్పుతుంటే, "అది తాసిల్ ఆఫీసుల ఫైలు కాదు, గడియగడియకు తిప్పెతందుకు. మూతపెట్టి అవతలికి జరుగుండ్రి, దాని పని అది చేసుకుంటది" అన్నది. వంటశాస్త్రం మీద అంతకంటే మంచి మాట నేనింకెక్కడా వినలేదు.

ఆమె చెప్పినవి ఒక పాత డైరీలో రాసుకున్నాను. కొలతలు ఆమెకు చెంచాల్లో తెలియవు, చేతిలో తెలుసు. గుప్పెడు అంటే ఆమె గుప్పెడు, నా గుప్పెడు కాదు. అందుకని ఆమె చేతిలో పోయించి, దాన్ని చెంచాలతో కొలిచి రాశాను. అది చదువుతాను.

మొదట కటికె దుకాణం. ఆదివారం పొద్దెక్కి పోతే నల్లి దొరకదు, ముందునాడే చెప్పిపెట్టుకోవాలి. పాయా కాళ్లు వేరు, నల్లి వేరు. గిట్టలతో ఉండే కింది భాగం పాయా. దానిలో మాంసం ఉండదు, జిగురు ఉంటుంది. దాని పైన కండ ఉన్న పిక్క మనకు కావలసింది. ఒక కిలో. రెండంగుళాల ముక్కలుగా కొట్టమనాలి. కత్తి మొద్దుదైతే బొక్క చిట్లి చూర పడుతుంది. ఇంటికి తెచ్చాక ముక్క ముక్క వేలితో తడిమి, నీళ్లలో కడిగి ఆ చూర తీసేయాలి. మన వయసులో, కట్టుడు పళ్లతో, గొంతులో బొక్క ముల్లు గుచ్చుకోవడం చిన్న విషయం కాదు.

తర్వాత ముక్కల్ని గుడ్డతో అద్ది తడి లేకుండా చేయాలి. తడి ఉంటే నూనెలో ఎర్రబడవు, నీరు కక్కి తెల్లగా ఉడుకుతాయి. కొంచెం పసుపు, కొంచెం ఉప్పు రాయాలి. ఉప్పు కొంచెమే, గంటలకొద్దీ ఉడికి రసం దగ్గరపడ్డాక అది రెట్టింపు తెలుస్తుంది, పైగా మనలో సగం మందికి బీపీ. ఒక్కొక్క ముక్క చుట్టూ దారం కట్టమని మా మనుమరాలు తర్వాత చెప్పింది, మాంసం బొక్కను విడిచిపోకుండా. మిలాన్‌వాళ్ల ఆ ఒక్క పద్ధతి నేను తీసుకున్నాను. ఆమె "కూరకు తాయెత్తు గడుతున్నరా" అని నవ్వింది గాని, తిన్నాక ఒప్పుకున్నది.

అడుగు మందంగా ఉన్న గిన్నెలో మూడు చెంచాల పల్లినూనె, ఒక చెంచా నెయ్యి. ముక్కల్ని ఇరికించకుండా నాలుగు నాలుగుగా వేసి, రెండు వైపులా ఐదేసి నిమిషాలు ఎర్రగా కాల్చి తీసి పక్కన పెట్టాలి. అదే నూనెలో సన్నగా తరిగిన మూడు ఉల్లిగడ్డలు పది నిమిషాలు. రెండు చెంచాల అల్లం వెల్లుల్లి ముద్ద, ఒకటిన్నర చెంచా కారం, రెండు చెంచాల ధనియాల పొడి, ఒక చెంచా గోధుమపిండి, రెండు టమాటలు. ద్రాక్షసారా చేసే పని ఈ టమాట చేస్తుంది, దానికోసం ఎవరూ బయలుదేరనక్కరలేదు. నాలుగు లవంగాలు, దాల్చిన చెక్క, నాలుగు ఇలాచీలు, అర చెంచా సాజీర, కొంచెం రాతిపువ్వు, దొరికితే నాలుగు వట్టివేళ్లు పలుచని గుడ్డలో మూటకట్టి వేయాలి. నహారీవాళ్ల పొట్లీ ఇదే. పొడి చేసి వేస్తే రసం నల్లబడి చేదెక్కుతుంది. మూటైతే చివర తీసి పిండి పారేయవచ్చు.

ముక్కలు మళ్లీ పేర్చి, సగం మునిగేంత వేడినీళ్లు పోయాలి. మొత్తం మునిగితే అది సూప్ అవుతుంది, సగం మునిగితే కూర అవుతుంది. బరువైన మూత, అతి సన్నని సెగ, రెండున్నర గంటలు. ముప్పావు గంటకొకసారి ముక్కలు తిరగేయాలి. అంతే, గంటెతో ఇంకేం పనిలేదు.

ఇక్కడొక మాట గట్టిగా చెప్పాలి. గంట గడిచాక ముక్క తీసి చూస్తే రబ్బరులా ఉంటుంది. ముసలి మేకను అంటగట్టాడని కటికె ఆయన్ని తిట్టబుద్ధవుతుంది. తిట్టకండి. పిక్క అంటే ఆ జంతువు బతికినన్నాళ్లూ నడిచిన భాగం, నరాలు, పొరలు గట్టిగా ఉంటాయి. ఆ పొరల్లో ఉండేది కొల్లాజెన్. వేడికి మొదట అది ముడుచుకొని మాంసాన్ని బిగిస్తుంది. సుమారు 70 డిగ్రీలు దాటాక, తడిలో, నెమ్మదిగా కరిగి జిగురుగా మారుతుంది. వేళ్లకు అంటుకునే ఆ జిగురే జెలటిన్. తొడ మాంసాన్ని ఇంతసేపు ఉడికిస్తే పీచుపీచై ఎండుతుంది, పిక్క మాత్రం మెత్తబడుతుంది. చిగుళ్లతో కూడా నమలవచ్చు. మరి కుక్కర్ ఎందుకుండగా ఈ తంటా అంటారా? కుక్కర్‌లో వేడి 120 డిగ్రీల దాకా పోతుంది, అరగంట, ముప్పావు గంటలో పనైపోతుంది. ఉద్యోగాలకు పోయేవాళ్లు అట్లాగే వండుకోవాలి. కాని కుక్కర్‌లో ఆవిరి పోదు, రసం దగ్గరపడదు, ముక్క బొక్కను విడిచి గల్లంతవుతుంది. మనకు తొందరేముంది? ఏ బస్సు తప్పిపోతుంది?

బొక్క అతుకుతుందా అన్న ప్రశ్న మిగిలింది. ఆపరేషన్ చేసిన డాక్టరుగారినే అడిగాను. ఆయన ఓపికగా చెప్పారు. ఎముకలోని కాల్షియం నీళ్లలోకి దిగేది చాలా తక్కువట. జెలటిన్ మాంసకృత్తే గాని అసంపూర్ణం, ట్రిప్టోఫాన్ అనే అవసరమైన పదార్థం దానిలో లేదు. సూప్ మాత్రం తాగి ఊరుకుంటే లాభం లేదు, మాంసం ముక్క తినాలి, పాలు, గుడ్డు, పప్పు తినాలి, డి విటమిన్ చూసుకోవాలి, నడిపించాలి. "పెట్టండి, మందులు మాత్రం ఆపకండి" అన్నారు. ఆ రోజుల్లో ఆమెకు అన్నం సయించేది కాదు. ఈ రసంలో కలిపితే రెండు ముద్దలు ఎక్కువ తినేది. నాకు కావలసిందీ అదే. నాలుగో నెలలో చేతికర్రతో గుమ్మం దాకా నడిచొచ్చి, మూత తీసి వాసన చూసి, ఉప్పు సరిపోయిందన్నది.

యూరిక్ యాసిడ్‌తో కీళ్లు వాచేవాళ్లకు ఇది పనికిరాదు. గుండె జబ్బు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు తమ డాక్టరును అడగందే ముట్టవద్దు. మిగతావాళ్లు కూడా ముందునాడు వండి, చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టండి. తెల్లారేసరికి కొవ్వు పైన తెల్లగా గడ్డకడుతుంది, చెంచాతో ఎత్తిపారేయవచ్చు. కింద రసం హల్వాలా పేరుకొని ఉంటుంది. తినేంతవరకే తీసుకొని తెర్లేదాకా వేడిచేయాలి. రుచి కూడా రెండోనాడే ఎక్కువ. రాత్రంతా పొయ్యిమీదే వదిలేసి పొద్దున వేడిచేసి తినడం మాత్రం మానుకోవాలి.

ఆమె పోయి రెండేళ్లు దాటింది. గుండెపోటు, రాత్రికి రాత్రే. డైరీ ఉంది. పండుగకు పిల్లలు వస్తే నేనే వండుతాను. అమ్మ చేసినట్టే ఉన్నదని పెద్దోడు అంటే, కొంచెం అబద్ధమని తెలిసినా కాదనను. ఈ హాలులో నాలాంటివాళ్లు ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు. రెండు పూటలా కర్రీ పాయింట్ పొట్లాలతో వెళ్లదీస్తున్నవారు కూడా ఉన్నారు. ఇంట్లో ఇంకా చెప్పేవారున్న సోదరులకు ఒక్క మనవి – ఈ ఆదివారం వంటింట్లో ఒక కుర్చీ వేసి ఆమెను కూర్చోబెట్టండి, చెప్పమనండి, రాసుకోండి. నల్లే కానక్కరలేదు, చింతపండు చారైనా సరే. గుప్పెట్లో కొలతను మాత్రం చెంచాలతో కొలుచుకోండి.

చివర పైన చల్లేది మరిచాను. నిమ్మకాయ తొక్క పైపైన పచ్చటిది మాత్రమే తురమాలి, కింది తెల్లటిది తగిలితే చేదు. అర చెంచా తురుము, రెండు వెల్లుల్లి రెబ్బలు, గుప్పెడు కొత్తిమీర – ఇప్పుడిది నా గుప్పెడు – కలిపి సన్నగా తరిగి, దించాక చల్లి మూతపెట్టాలి. బగారా అన్నం బాగుంటుంది గాని నా ఓటు వేడి వేడి జొన్న రొట్టెకే.

మూలుగ తీసుకోవడానికి మిలాన్‌లో సన్నగా, పొడుగ్గా ఒక చెంచా ఉంటుంది. దానికి అక్కడివాళ్లు పెట్టిన ముద్దుపేరు "పన్నుల వసూలుదారు", ఎంత లోపల దాచినా వదలకుండా లాక్కొస్తుందని! రెవెన్యూవాళ్లం, మనకది బిరుదే. ఆ చెంచా ఇక్కడ దొరకదు. బొక్కను పళ్లెం అంచుకు రెండు దెబ్బలు కొట్టి, రొట్టె ముక్క అడ్డంపెట్టి ఒడిసి పట్టుకోండి. వడ్డన మొదలైనట్టుంది, వాసన వస్తున్నది. సెలవు.