తొట్టెల ఉన్న ఇంట్లో సంఘం మీటింగు

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఒక సంఘం తరఫున చేసిన ప్రసంగం)



ప్రతి ఏడాది ఈ సభలో మనం లెక్కలు చెప్పుకుంటం. ఎంత పొదుపు చేసినం, ఎంత అప్పు తెచ్చినం, ఎంత తిరిగి కట్టినం అని. మా లెక్కలు ఈ పుస్తకంలోనే వేరే పేజీల్లో ఉన్నయి. మాకిచ్చిన ఈ కొద్ది సమయంలో మేము చేసిన ఒక తప్పు గురించి చెప్తం. దాన్ని ఎట్ల దిద్దుకున్నమో కూడా చెప్తం. వేరే ఊళ్లలో ఆ తప్పు జరగొద్దనే ఈ మాటలు రాసుకొచ్చినం.

మా సంఘంలో 12 మందిమి. నెలకు రెండు మీటింగులు. నెలకు మనిషికి 200 రూపాయల పొదుపు. చెప్పకుండ మీటింగుకు రాకపోతే 20 రూపాయల జరిమానా. ఈ రూలు మేమే పెట్టుకున్నం, దాంతో సంఘం గట్టిగ నిలబడ్డది. మీటింగు మొదలయ్యే ముందు ఒక పాట పాడుకునుడు మాకు అలవాటు. పాట ఎత్తుకునేది మా అందరిలో చిన్నది, ఒక చెల్లె. ఆమె ఎత్తుకుంటే మేము అందుకుంటం. బతుకమ్మ పండుగకు మా వాడ మొత్తానికి ముందు పాట ఆమెదే. ఆమె పేరు ఇక్కడ చెప్పము. ఆమెను అడిగి, ఆమె సరే అన్న తర్వాతే ఈ సంగతి మీ ముందు పెడుతున్నం.

పోయిన ఏడాది ఆ చెల్లెకు తొలిచూలు. ఏడో నెలల తల్లిగారింటికి పోయింది. అప్పుడు ఆమెకు మీటింగుల నుంచి సెలవు రాసినం. పొదుపు పైసలు ఆమె భర్త తెచ్చి ఇచ్చేటోడు, ఆయన ఆటో నడుపుతడు. ఫిబ్రవరిలో కొడుకు పుట్టిండు. 21వ రోజున తొట్టెల వేసినం అని ఫోటో పంపితే అందరం చూసి సంతోషపడ్డం. మే నెలలో పిల్లగాన్ని ఎత్తుకొని అత్తగారింటికి వచ్చింది.

ఇక్కడే మా తప్పు మొదలైంది. ఇంటికి వచ్చింది గనుక సెలవు అయిపోయిందని పుస్తకంలో రాసినం. మే నెలలో రెండు మీటింగులు పోయినయి, ఆమె రాలేదు. జూన్‌లో రెండు, జూలైలో ఒకటి. ఐదు మీటింగులకు 100 రూపాయల జరిమానా పడ్డది. అప్పు వాయిదా కూడా ఆగింది. అప్పుడు మా నోళ్లు ఊరుకోలేదు. "కొడుకు పుట్టిండు, ఇంకేం కావాలె? గల్లీ దాటి వస్తే ఏం పోతది?" అని ఒకరు, "పిల్లలు మనకు పుట్టలేదా, చంకల వేసుకొని రాలేదా?" అని ఇంకొకరు. పాట లేకుండనే మీటింగు మొదలు పెట్టుకున్నం. ఐదు మీటింగులల్ల ఒక్కరం కూడ ఇంటికి పోయి చూసొద్దాం అనలేదు.

చివరికి పోయింది కూడా జరిమానా చెప్పడానికే. ఇద్దరం పోయినం. పొద్దున పదకొండు గంటలైనా ఇంటి తలుపు దగ్గరగ వేసి ఉన్నది. లోపల సాంబ్రాణి పొగ, చీకటి. చీర తొట్టెల పక్కన పీట మీద ఫోను పెట్టి ఉన్నది. యూట్యూబుల పిల్లల పాట పెద్ద సౌండుతో వస్తున్నది. దానికంటే పెద్దగ పిల్లగాడు ఏడుస్తున్నడు. మా చెల్లె గోడకు ఒరిగి కూర్చున్నది. తొట్టెల తాడు చేతిల ఉన్నది గని ఊపుత లేదు. మమ్మల్ని చూసి కూర్చోండ్రి అని కూడ అనలేదు.

పిల్లగాన్ని ఎత్తుకొని, ఫోను బందు చేసి అడిగినం, "ఏందే, మా పాటల పిల్లవు, ఫోను పెట్టి కూర్చున్నవు?" అని. నవ్విద్దామనే అన్నం. ఆమె నవ్వలేదు. "ఫోను పాడుతది గదక్కా, నేనెందుకు" అన్నది. కొంచెం సేపాగి, "గొంతులకెళ్లి పాట వస్తలేదక్కా. పిల్లగాడు ఏడుస్తుంటే ఎవరి పిల్లగాడో ఏడుస్తున్నట్టు ఉంటది. రాత్రి వాడు పండుకున్నా నాకు నిద్ర వస్తలేదు. వీన్ని ఎవరికన్న ఇచ్చి ఎటన్న పోవాలనిపిస్తది" అన్నది.

జరిమానా మాట మా నోట్లనే ఆగిపోయింది.

వంటింట్లో ఆమె అత్త ఉన్నది. మాకు వరుసకు చిన్నమ్మ అయితది. "మేము ముగ్గురిని కన్నం, మాకు ఇట్ల కాలేదు. ఈ కాలపు పిల్లలు సుకుమారం" అన్నది మొదట. మేము ఆమెతో వాదం పెట్టుకోలేదు. పొయ్యి దగ్గరనే కూర్చొని ఎల్లిగడ్డ పొట్టు తీసుకుంట, పని చేసుకుంట మాట్లాడినం. కొంతసేపటికి చిన్నమ్మ గొంతు తగ్గించి చెప్పింది, "నా నడిపోడు పుట్టినప్పుడు నాకు గూడ గట్లనే ఉండె. వాని మొకం చూడబుద్ధి కాకపోయేది. ఎవరికి చెప్పాలె? చెప్తే ఏమంటరో అని మింగిన." ఆ మాట అన్నంక ఆమె కోడలిని చూసే చూపు మారింది. మాకు ఆ రోజు తెలిసిందేమంటే, ఇది ఈ కాలపు రోగం కాదు. ఎనకట నుంచి ఉన్నదే, ఎవరూ బయటికి అనలేదు.

అదే రోజు ఆశా అక్కను పిలిచినం. ఆశా కార్యకర్త ప్రసవం అయిన ఇంటికి 3, 7, 14, 21, 28, 42 రోజులల్ల వచ్చి తల్లిని, బిడ్డను చూస్తదని మనకందరికీ తెలుసు. కాని ఆ 42 రోజులూ మా చెల్లె తల్లిగారింట్లోనే గడిచినయి. అక్కడ అమ్మ ఉన్నది, నిద్ర ఉన్నది, బాగానే ఉండె. కష్టం మొదలైంది అత్తగారింటికి వచ్చినంక. ఇక్కడ అడిగేటోళ్లు లేరు.

ఆశా అక్క, మేము కలిసి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకపోయినం. అక్కడి నుంచి జిల్లా ఆసుపత్రికి పంపిండ్రు. డాక్టరమ్మ మాకు అర్థమయ్యేటట్టు చెప్పింది. కాన్పు అయిన మొదటి పది, పదిహేను రోజులు చాలామందికి ఊరికే ఏడుపు వస్తది, అది దానంతట అదే తగ్గుతది. రెండు వారాలు దాటినా మనసు బాగుండక, నిద్ర పట్టక, బిడ్డ మీదికి మనసు పోకపోతే అది జబ్బు. ఒంట్లో వచ్చే మార్పులు, నిద్ర లేమి, ఒంటరితనం అన్నీ కలిసి వస్తది. కాన్పు అయిన ఏడాది లోపల ఎప్పుడైనా రావచ్చు. పిచ్చి కాదు, గాలి సోకుడు కాదు, బిడ్డ మీద ప్రేమ లేక కాదు. మందులు ఉన్నయి, పాలిచ్చే తల్లికి సరిపడేవి చూసి ఇస్తరు. మన అంతట మనం తెచ్చుకోవద్దు, మధ్యల ఆపొద్దు. రక్తం కూడా తక్కువ ఉన్నదని ఐరన్ గోళీలు రాసింది.

మందు పని మందు చేసింది. ఇంట్లో మారాల్సినవి కూడా ఉండె. అవి డాక్టరు చేతిల లేవు.

మొదటిది నిద్ర. రాత్రి పిల్లగాడు లేస్తే తల్లి ఒక్కతే లేచేది. ఇప్పుడు పాలిచ్చుడు తల్లి పని, భుజాన వేసుకొని తేన్పు తెప్పించుడు, గుడ్డలు మార్చుడు, పండబెట్టుడు తండ్రి పని అని మాట్లాడుకున్నరు. తెల్లవారుజామున ఆటో తీసేటోడు రెండు నెలలు ఏడు గంటలకు తీసిండు. ఆ రెండు గంటల కిరాయి పోయింది. పోతే పోయిందన్నడు.

రెండోది నీళ్లు. బాలింత నీళ్లు ఎక్కువ తాగొద్దని మన దగ్గర ఒక మాట ఉన్నది. పాలిచ్చే మనిషికి దాహం ఎక్కువ అయితది, దాహమైనంత తాగాలె. చిన్నమ్మనే కోడలి పక్కన చెంబు పెట్టుడు మొదలుపెట్టింది. పప్పు, ఆకుకూర, గుడ్డు వద్దనుడు మానేసింది.

మూడోది గాలి, వెలుతురు. తలుపులు తీసిండ్రు. పొగ పసిపిల్లల ఊపిరికి మంచిది కాదని ఆశా అక్క చెప్తే మానేసిండ్రు.

నాలుగోది పాట. దీని గురించి కొంచెం ఎక్కువ చెప్తం.

ఫోను పెట్టిందని మేము ఆ చెల్లెను తప్పు పట్టలేదు. రెండు చేతులు సరిపోని తల్లి ఏం చేస్తది? కాని తెలుసుకోవాల్సింది ఒకటి ఉన్నది. ఏడాది లోపు పిల్లలకు తెర అసలే చూపొద్దని, రెండేళ్ల నుంచి నాలుగేళ్ల దాక రోజుకు గంట దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. పసిబిడ్డ కడుపులో ఉండంగనే, ఆఖరు నెలలల్ల తల్లి గొంతు వింటడు. పుట్టంగనే ఆ గొంతును గుర్తు పడతడు. గొంతు బాగుందా, రాగం కుదిరిందా అని వాడు చూడడు. మనిషి పాడితే బిడ్డ ఏడుపును బట్టి మెల్లగ పాడుతది, ఆగుతది, మళ్ల ఎత్తుకుంటది. ఫోనుకు అది తెల్వదు.

జోలపాట రాదని చెప్పే చెల్లెళ్లు ఇప్పుడు చాలామంది ఉన్నరు. మనకు ఎందుకు రాదు? మన బతుకమ్మ పాటలల్ల చరణం చరణానికి "ఉయ్యాలో" అని అనుకుంట తిరుగుతం గద. చప్పట్లు తీసేసి అదే పాటను మెల్లగ పాడితే తొట్టెల దగ్గర సరిపోతది. నాట్లేసేటప్పుడు పాడుకునే పాటలు కూడా అంతే. మన అమ్మలకు, అవ్వలకు అవి ఇంకా యాదికి ఉన్నయి. అడిగేటోళ్లు కావాలె.

జూలైలో రెండో మీటింగు ఆ చెల్లె ఇంట్లనే పెట్టినం. ఆమెకు పని చెప్పొద్దని చాయ మేమే కాసి తీసుకపోయినం, ఇంటికొక కూర పట్టుకపోయినం. పాటకు ఎవరూ లేరు గనుక మేమే ఎత్తుకున్నం. ముగ్గురం మూడు తీర్ల ఎత్తుకున్నం. ఒకరిది పైకి పోయింది, ఒకరిది కిందికి పోయింది, ఇంకొకరు రెండో చరణం మర్చిపోయిండ్రు. తొట్టెల పక్కనుంచి చిన్నగ నవ్వు వినవచ్చింది. మే నెల నుంచి ఆ ఇంట్ల ఆమె నవ్వుడు అదే మొదటిసారి అని చిన్నమ్మ తర్వాత చెప్పింది. మేము విడిచిపెట్టిన పాటను చిన్నమ్మనే పూర్తి చేసింది. పిల్లగాడు పండుకున్నడు. ఆమె అంత మంచిగ పాడుతదని పక్కింట్లో ఉండే మాకు కూడా ఇన్నేండ్లు తెల్వదు.

పాటతో జబ్బు పోయిందని మేము చెప్తలేము. మందులతో, నిద్రతో, ఇంట్లో రెండో మనిషి చెయ్యి వేయడంతో తగ్గింది. కాని పాట ఉన్న రోజు ఆ ఇంట్లకు ఇంకో నలుగురు వచ్చిండ్రు. మళ్ల మళ్ల వచ్చిండ్రు. అది కూడ మందు పక్కన పనిచేసిందని మా నమ్మకం.

ఇక లెక్క సంగతి. ఆ 100 రూపాయల జరిమానా కొట్టేసినం. తప్పు మాది అని తీర్మానం పుస్తకంలో రాసి 11 మందిమి సంతకాలు పెట్టినం. అప్పు వాయిదాలు మూడు నెలలు వెనక్కి జరిపినం. వడ్డీ మాఫీ చేయలేదు. చేద్దామా అని అడిగితే ఆ చెల్లెనే వద్దన్నది, "నన్ను రోగిష్టి లెక్కల వేయకండ్రి, కడతా" అన్నది. డిసెంబరు వరకు వాయిదాలన్నీ సరి చేసింది.

అక్టోబరులో బతుకమ్మకు ఎదురు చూసినం. తొమ్మిది రోజులల్ల ఆమె సద్దుల బతుకమ్మ నాడు ఒక్కరోజే వచ్చింది. ముందు పాట వేరే వాళ్లు పాడిండ్రు. ఆమె వెనక వరుసల తిరిగింది. పొద్దు గూకినంక ఒక పాట ఎత్తుకున్నది. సగంల గొంతు ఆగింది. అక్కడి నుంచి మేము అందుకున్నం. అందుకునుడు మాకు అలవాటే గద. పిల్లగాడు తండ్రి చంకల ఉండె.

అక్కలారా, చెల్లెళ్లారా, మా అనుభవం నుంచి ఈ సమాఖ్యను నాలుగు విషయాలు అడుగుతున్నం.

ఒకటి. బిడ్డకు ఆరు నెలలు నిండేదాక ఏ సంఘంలోనూ బాలింతకు మీటింగు జరిమానా వేయొద్దు. పొదుపు ఇంటికి పోయి తెచ్చుకుందాం.

రెండు. ఎవరైనా వరుసగ రెండు మీటింగులు రాకపోతే, జరిమానా రాసే ముందు ఇద్దరు సభ్యులు ఇంటికి పోయి చూడాలె. చూసినట్టు పుస్తకంలో రాయాలె.

మూడు. రెండు వారాలు దాటి దిగులు, ఏడుపు, నిద్ర లేకపోవుడు ఉంటే ఆశా కార్యకర్తకు, ఏఎన్ఎంకు చెప్పాలె. ఇంటి నుంచే మాట్లాడాలంటే 14416 నంబరు ఉన్నది. అది టెలీ మానస్, ప్రభుత్వం 2022లో పెట్టింది. పైసలు పడవు, రాత్రి పగలు తెలుగులో మాట్లాడుతరు. చచ్చిపోవాలని, బిడ్డను ఏమన్న చేయాలని మాట వస్తే మాత్రం ఒక్క నిమిషం కూడ ఒంటరిగ విడిచిపెట్టకుండ వెంటనే ఆసుపత్రికి తీసుకపోవాలె.

నాలుగు. తొట్టెల వేసిన ప్రతి సభ్యురాలి ఇంట్లో ఒక మీటింగు పెట్టాలె. ఆ రోజు భర్తను, అత్తను కూడా కూర్చోబెట్టాలె. రాత్రి ఎవరు లేస్తరు, ఎవరు ఏం పని చేస్తరు అనేది అందరి ముందు మాట్లాడుకోవాలె. పాటతో మొదలుపెట్టాలె. రాగం కుదరకపోతే ఇంకా మంచిది.

ఈ ఏడాది మా సంఘంలో ఇంకొక చెల్లెకు నెలలు నిండుతున్నయి. ఆమె కాన్పుకు తల్లిగారింటికి పోయే ముందే పుస్తకంలో రాసుకున్నం, తిరిగొచ్చిన మొదటి వారంల మీటింగు ఆమె ఇంట్లనే అని. ఆ రోజు పాట ఎత్తుకుంటానని మాట ఇచ్చింది ఎవరో మీకు చెప్పనక్కరలేదు.